‘పుట్టగొడుగుల్లా’ అని ఎవరిని తిడుతున్నారు?

పేపర్లు రాసేవాళ్ళకు ఒక మాట అచ్చొచ్చింది. ఇండ్లు లేనోళ్ళు ఊరి బయట నాలుగు గుడిసెలు వేసుకుంటే ‘పుట్టగొడుగుల్లా వెలిసిన గుడిసెలు’ అని రాస్తారు. మాల మాదిగలు ఊరికో సంఘం పెట్టుకుంటే ‘పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్న సంఘాలు’. జనం డబ్బు ముంచిన చిట్‌ఫండు కంపెనీకీ అదే మాట, ఫీజులు గుంజే కాన్వెంటు బడికీ అదే మాట. అంటే విత్తనం లేదు, వేరు లేదు, అయ్య ఎవరో అవ్వ ఎవరో తెలియదు, రాత్రికి రాత్రి లేచి పొద్దుగూకే సరికి కుళ్ళిపోయే సరుకు అని తిట్టడం అన్నమాట. ఈ తిట్టు రాసే పెద్దమనిషి ఆరుద్ర కార్తెలో ఒక్కనాడైనా పొద్దున్నే లేచి, తడిసిన గట్టు మీద గొంతుకు కూర్చొని, పుట్టగొడుగును వేళ్ళతో మెల్లగా తిప్పి పైకి తీశాడా? తీసి ఉంటే ఆ మాట రాయడు. తీసిందల్లా మన అవ్వలు, మన అక్కలు. కలం మాత్రం వాళ్ళ చేతిలో లేదు.

అయ్యా, పుట్టగొడుగు రాత్రికి రాత్రి పుట్టదు. చెదపురుగులు ఎండుటాకును, పుల్లను, చొప్పను కొరికి మింగి పుట్టలోపలికి మోసుకపోతాయి. దానితో స్పాంజిలాంటి గూళ్ళు కడతాయి. ఆ గూళ్ళ మీద ఒక జాతి బూజును సాగు చేస్తాయి. నిజంగా సాగే. మనం మడి చేసినట్టు అవి బూజు మడి చేస్తాయి, ఆ పంట తిని బతుకుతాయి. శాస్త్రజ్ఞులు ఆ బూజుకు టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టారు. వానలు పడి నేల బాగా నానినప్పుడు ఆ బూజే పొడుగాటి కాడ వేసుకొని, మూరెడు లోతునుంచి కూడా మట్టి చీల్చుకొని పైకొచ్చి గొడుగు విప్పుతుంది. మనకు కనపడేది ఒక పూట. కింద జరిగిన చాకిరీ ఏండ్లది. హిమాచల్‌లోని సోలన్‌లో 1983 నుంచి పుట్టగొడుగుల మీద కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. బటన్ మష్రూమ్‌ను షెడ్లలో ఎట్లా పండించాలో దేశానికి నేర్పింది. ఈ పుట్టమీది గొడుగును మాత్రం చెదపురుగు లేకుండా షెడ్డులో గంపలకొద్దీ పండించే దారి దొరకలేదు.

పుట్ట కట్టేది చెదపురుగు, నాగుల చవితికి పాలు పోసేది పాముకు. మన ఊర్ల లెక్క కూడా ఇంతే కదా!

ఏ పుట్టమీద ఏ కార్తెలో లేస్తాయో మా అవ్వకు తెలుసు. నిరుడు లేచిన పుట్టమీదనే ఈ ఏడూ లేస్తాయి, పది రోజులు అటో ఇటో. రాత్రి ఉరిమితే “పొద్దుగాల పోవాలె, ఉరుముకు లేస్తయి” అనేది. ఉరుముకు లేస్తాయా, ఉరుము వెంట వచ్చిన వానకు లేస్తాయా అని నేను బీఎస్సీ చదివి వచ్చి వాదన పెట్టుకునేవాణ్ణి. ఏదైతేనేం, ఆమె పోయిన రోజు గంప నిండేది. గడ్డపార పెట్టేది కాదు. పుట్ట పగిలితే వచ్చే ఏడు ఉండదు. మొగ్గలన్నీ పీకేది కాదు. విప్పుకున్నవి కొన్ని వదిలేది. ఇదంతా ఇప్పుడు ఇంగ్లీషులో చెప్తే సెమినారు అవుతుంది, హోటల్లో భోజనం పెడతారు.

ఇంకో రకం ఉంది. దానికి కాడ లేదు, గొడుగు లేదు. తెల్లటి బంతిలా నేల మీద కూర్చొని ఉంటుంది. గోలీ అంత నుంచి నిమ్మకాయంత, ఒక్కోసారి ఇంకా పెద్దది. ముదిరాక తొక్కితే బుస్సుమని గోధుమరంగు పొగ లేస్తుంది. పశువులు కాసిన పిల్లలందరూ దాన్ని తొక్కి ఆడినవాళ్ళే. ఇంగ్లీషువాళ్ళు పఫ్‌బాల్ అంటారు. లేతగా ఉన్నప్పుడు తినదగిన రకాలు ఇందులో ఉన్నాయి. మనకు గోదావరి ఆవల, బస్తర్‌లో దీని చుట్టం లాంటిది ఇంకోటి ఉంది. బోడా అంటారు. శాస్త్రం లెక్కన అది పఫ్‌బాల్ జాతి కాదు, రూపం మాత్రం అదే బంతి. సాల చెట్ల వేర్లతో పొత్తు పెట్టుకొని మట్టిలోనే గుండ్రంగా ఊరుతుంది. తొలకరి పడగానే ఆదివాసీ ఆడవాళ్ళు సాల అడవిలో వంగి వంగి, నేల నెర్రె చూసి తవ్వి తీస్తారు. జార్ఖండ్‌లో దీన్నే రుగ్డా అంటారు. జగదల్‌పూర్ సంతలో సీజను మొదట్లో కిలో వెయ్యి రూపాయలు దాటుతుంది. వంగిన నడుముకు అందులో ఎంత ముడుతుందో సంతకు పోయి చూస్తే తెలుస్తుంది. 2005లో సల్వాజుడుం మొదలైనంక ఊర్లు విడిచి గోదావరి దాటి మన భద్రాచలం ఏజెన్సీకి వచ్చిన గుత్తికోయలకు ఆ బోడా ఇక్కడ లేదు. ఇక్కడిది టేకు అడవి, సాల అడవి కాదు. మనిషి ఊరు విడిచిపెడితే కూర కూడా పోతుంది.

ఈ బంతి రకాన్ని వండే పద్ధతి చెప్తాను. గట్టిగా, తెల్లగా ఉన్నదే తీయాలి. ప్రతి కాయనూ నిలువునా, పైనుంచి కిందికి, రెండు చెక్కలు కోయాలి. ఒక్కటి కూడా కోయకుండా కుండలో వేయొద్దు. లోపల పన్నీరు ముక్కలా అంతా ఒకే తెలుపు ఉండాలి. పసుపు తిరిగితే, మెత్తబడితే ముదిరినట్టు, పారేయాలి. లోపల ఊదా నలుపు ఉండి తోలు మందంగా ఉంటే అది వేరే జాతి, తింటే వాంతులు. అన్నిటికంటే ముఖ్యం: కోసిన ముఖం మీద చిన్న గొడుగు, కాడ, రెక్కల గీతలు అచ్చు వేసినట్టు కనపడితే అది బంతి కాదు, ఇంకా విచ్చుకోని విషపు గొడుగు మొగ్గ. దాన్ని ముట్టిన చెయ్యి కడుక్కోవాలి, దాంతో కలిసిన గంపను కూడా మళ్ళీ చూసుకోవాలి. బాగున్నవాటి తోలు ఒలిచి, ముక్కలు చేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, వెల్లుల్లి, పసుపు వేసి, నూనె ఎక్కువ అక్కర లేకుండా సన్నటి మంట మీద పెడితే అదే నీరు వదులుతుంది. ఆ నీరు ఇగిరేదాకా ఉంచాలి. దించేముందు ధనియాల పొడి. జొన్నరొట్టెలోకి. తెచ్చినరోజే వండాలి, రేపటికి దాచొద్దు. పుట్టమీది గొడుగుకు కూడా ఇదే పద్ధతి. దాని కాడ చివరి మట్టి గీకి, నాలుగు నీళ్ళలో కడిగి, కత్తితో కాక చేత్తో చీల్చుకోవాలి.

ఇప్పుడు ఆ కుండలోకి తొంగి చూడండి. పుట్టగొడుగు, ఉల్లి, వెల్లుల్లి. ఈ మూడింటినీ మనువు ఒక్కచోట కట్టేసి వెలివేశాడు. మనుస్మృతి ఐదో అధ్యాయం, ఐదో శ్లోకం: ద్విజులు తినకూడని వాటిలో వెల్లుల్లి, ఉల్లి, పుట్టగొడుగు ఉన్నాయి. వాటి పక్కనే అశుద్ధంలో పుట్టేవి. పందొమ్మిదో శ్లోకం ఇంకా గట్టిది. పుట్టగొడుగు, ఊరపంది, వెల్లుల్లి, ఊరకోడి, ఉల్లి తెలిసి తిన్న ద్విజుడు కులం నుంచి పతితుడవుతాడు. తెలియక తింటే కఠినమైన ప్రాయశ్చిత్తం. ఆరో అధ్యాయంలో అడవికి పోయి ఆకులు దుంపలు తిని తపస్సు చేసేవాడిని కూడా వదల్లేదు, నేలమీద మొలిచిన పుట్టగొడుగు ముట్టొద్దన్నాడు. బాబాసాహెబ్ 1927 డిసెంబరు 25న మహాద్‌లో ఆ పుస్తకాన్ని తగలబెట్టింది ఊరికే కాదు. కూడు పేరు చెప్పి మనిషిని కిందికి తోసే లెక్క అందులో ఉంది. “నీవు తినేది నేను తింటే పడిపోతాను” అన్నప్పుడు, నీవు ముందే పడి ఉన్నావని చెప్పినట్టే కదా?

వీళ్ళకంటే ముందు మన బుద్ధుడున్నాడు. ఆయన చివరి భోజనం పెట్టినవాడు చుందుడు, కమ్మరి పని చేసే ఇంటివాడు. ఆ భోజనంలో ‘సూకరమద్దవ’ అనే పదార్థం ఉందని పాళీ గ్రంథం చెప్తుంది. అది పందిమాంసమని కొందరు, పందులు తొక్కే చోట మొలిచే పుట్టగొడుగు అని కొందరు పాత వ్యాఖ్యాతలే రాశారు. పాళీలో పుట్టగొడుగును అహిచ్ఛత్తకం అంటారు, పాము గొడుగు అని అర్థం. పందో, పుట్టగొడుగో తేల్చే పని పండితులకు వదిలేద్దాం. రెండూ మనువు పట్టీలో ఉన్నవే. బుద్ధుడు తిన్నాడు, జబ్బు పడ్డాడు, పోయే ముందు ఆనందుణ్ణి పిలిచి చుందుణ్ణి ఎవరూ నిందించకుండా చూడమన్నాడు, అతని దానం గొప్పదన్నాడు. కమ్మరివాని కూడు తిని, ప్రాణం మీదికి వచ్చినా వాని పేరు కాపాడిన మనిషి ఒకవైపు. ఉల్లిగడ్డ తింటే కులం పోతుందన్న మనిషి ఇంకోవైపు. ఎవరి బొమ్మ మన ఇంట్లో పెట్టుకోవాలో వేరే చెప్పాలా?

ఇక ఇప్పటి ద్విజుల సంగతి. హైదరాబాదులో ‘ప్యూర్ వెజ్’ బోర్డు పెట్టిన హోటలుకు పోండి. మష్రూమ్ బిర్యానీ, మష్రూమ్ మంచూరియా, మష్రూమ్ కడాయి. మనువు పతితులు కావాలన్న లెక్కన ఆ హాలు హాలంతా పతితులే. నాకేమీ అభ్యంతరం లేదు, తిననివ్వండి, మంచి తిండే. అడిగేది ఒక్కటే. ప్లాస్టిక్ డబ్బాలో, ఏసీ షాపులో, ఇంగ్లీషు పేరుతో వచ్చినప్పుడు ఆరోగ్యం, శాకాహారం, ప్రోటీన్ అయింది. మాదిగ ఆడమనిషి మోదుగాకు దొప్పలో పెట్టుకొని రోడ్డు పక్కన కూర్చుంటే అదే ‘కుక్కగొడుగు’ ఎట్లా అయింది? కారు ఆపి, అద్దం దించి, “ఇవి మంచివేనా? ఎవరూ చావరు కదా?” అని అడిగి, సగం రేటు చెప్పి, కొనకుండా పోయినవాళ్ళను నేను కండ్లారా చూశాను.

బయటివాళ్ళను ఎంత తిట్టినా మనలో ఉన్న రోగం సంగతి కూడా మాట్లాడాలి. బడిలో శిలీంధ్రాల పాఠం వస్తుంది. పుస్తకంలో బొమ్మ ఉంటుంది, టోపీ, కాడ, రెక్కలు. “ఎవరైనా తిన్నారా?” అని అడిగితే తరగతిలో ఒక్క చెయ్యి లేవదు. ముందురోజు సాయంత్రం వాడకట్టులో సగం ఇండ్ల నుంచి ఆ వాసన నాకే వచ్చింది! చెయ్యి ఎత్తితే పక్కోడు నవ్వుతాడని భయం. ఆ పిల్లలు అవ్వ వెంట గట్టుకు పోవడం మానేస్తున్నారు. ఉద్యోగం వచ్చిన మన అన్నలు కొందరు ఇంకో మెట్టు పైకి పోయారు. చుట్టాలొస్తే వాకిట్లో ఉన్న గంప లోపల దాస్తారు. 2012లో ఉస్మానియాలో పెద్దకూర పండుగ చేసి మన కూడు మన ఇష్టం అన్నాం, దెబ్బలు తిన్నాం, మంచి పని. కానీ మైకు పట్టుకున్న మగవాళ్ళకు కోసిన మాంసం గుర్తుకొచ్చినంత తేలిగ్గా, ఆడవాళ్ళు వంగి ఏరుకొచ్చిన కూర గుర్తుకు రాలేదు. జహీరాబాద్ వైపు దళిత మహిళా సంఘాలు విత్తకుండా మొలిచే ఆకుకూరల లెక్క తీసి, వాటికి పండుగ చేసి పదిమందికి చూపించాయి. ఆ పని మిగతా జిల్లాల్లో ఎందుకు జరగలేదు?

సిగ్గుతో ఈ తెలివి పోతే పోయేది రుచి ఒక్కటే కాదు, ప్రాణాలు. 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎక్కువమంది తేయాకు తోటల జనం. వాళ్ళెవరు? తెల్లదొరల కాలంలో ఛోటానాగపూర్ నుంచి, ఒడిశా నుంచి, మన తెలుగు జిల్లాల నుంచి కూడా కూలికి తోలుకుపోయిన ఆదివాసుల, దళితుల మనుమలు, మునిమనుమలు. వాళ్ళ తాతలకు తమ అడవి గొడుగు తెలుసు. పోయిన చోట అదే రూపంతో మొలిచేది వేరే జాతి. పేపర్లు ‘అవగాహన లేక’ అని రాసి చేతులు దులుపుకున్నాయి. ఏ నేల తెలివి ఆ నేలదని, మనిషిని పెకిలిస్తే తెలివి కూడా తెగుతుందని ఎవరూ రాయలేదు. మన ఊర్ల నుంచి ముంబై, పుణె మట్టి పనికి పోయేవాళ్ళు దీన్ని చెవిన పెట్టుకోండి. మన గట్టు మీద తిన్నదానిలాగే ఉందని పరాయి చోట తీసి వండొద్దు.

ఇంకా కొన్ని మాటలు సూటిగా. వెండి బిళ్ళ నల్లబడకుంటే మంచిదే అంటారు, అబద్ధం. వెల్లుల్లి రంగు మారకుంటే మంచిదే అంటారు, అదీ అబద్ధం. పురుగు తిన్నదైతే మనిషి తినొచ్చన్నది ఇంకా పెద్ద అబద్ధం. చంపే రకం గొడుగుల విషం ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా పోదు. తిన్నవెంటనే ఏమీ తెలియదు. ఆరు గంటలు, పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మర్నాడు తగ్గినట్టు ఉంటుంది. అక్కడే మోసం. తగ్గిందని ఇంట్లో పండుకుంటే మూడో రోజో, నాలుగో రోజో కాలేయం చెడిపోతుంది. కనుక తగ్గినా ఆగొద్దు. పెద్ద దవాఖానకు పోవాలి, మిగిలిన కూర, పారేసిన ముక్కలు మూటగట్టి పట్టుకపోవాలి, ఎన్ని గంటలకు తిన్నారో డాక్టరుకు చెప్పాలి. కలిసి తిన్నవాళ్ళందరూ పోవాలి, వాంతులు కానివాళ్ళు కూడా. గడ్డిమందు కొట్టిన గట్టు మీదిది, ఫ్యాక్టరీ నీళ్ళు పారేచోటిది ఎంత తెల్లగా ఉన్నా వదిలేయాలి. ఒక్క అనుమానం ఉన్నా, గంప మొత్తం పెంట మీద పోయాలి. మన అవ్వలు చేసింది ఇదే. తెలిసిన రెండు మూడు రకాలు తప్ప నాలుగోదాని జోలికి పోలేదు కాబట్టే బతికారు, మనల్ని బతికించారు.

అసలు పీటముడి నేల దగ్గర ఉంది. పుట్టగొడుగు దొర మడి మధ్యలో మొలవదు. గట్టు మీద, బంచరాయిలో, కంచెలో, చెరువు శిఖం అంచున, వాగు ఒడ్డున మొలుస్తుంది. అంటే మనకు పట్టా లేకున్నా కాలు పెట్టే హక్కు మిగిలిన చోట్ల. ఇప్పుడు గట్లకు జేసీబీలు వచ్చాయి. ఒక్క పూటలో ఇరవై ఏండ్ల పుట్టలు లేచిపోతున్నాయి. గైరాన్ భూమికి ముళ్ళ తీగ పడింది. నిన్నటిదాకా ఏరుకున్న ఆడవాళ్ళను “మా పట్టాలో ఏం పని? దొంగతనానికి వచ్చిన్రా?” అంటున్నారు. ఎవరు ఎవరిది దొంగిలించారు?

సంఘం కార్యకర్తలు రెండు కాగితాలు దగ్గర పెట్టుకోండి. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల మీద అక్రమ కబ్జాలు తీసేసి గ్రామానికి అప్పజెప్పే పథకం తయారు చేయాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. అదే తీర్పులో భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు సర్కారు ఉత్తర్వు మీద కౌలుకిచ్చిన భూమికి మినహాయింపు ఉండొచ్చని కూడా ఉంది. కాబట్టి కబ్జాలు తీసే పేరుతో పేదల గుడిసె మీదికే ముందు వచ్చే అధికారికి ఆ వాక్యం చూపించాలి. రెండోది 2006 అటవీ హక్కుల చట్టం. అడవి అంచున ఉన్న దళితులు ఆ చట్టంలో ‘ఇతర సాంప్రదాయ అటవీ వాసులు’. 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలు, అంటే 75 ఏండ్లు, అక్కడే ఉండి అడవి మీద బతికినట్టు చూపించమంటుంది. 75 ఏండ్ల కింద మన తాతలకు కాగితం ఎవడిచ్చాడు? చిన్న అటవీ ఫలసాయం పట్టీలో వెదురు, తేనె, లక్క, తునికాకు, దుంపలు అని పేర్లు రాశారు గాని పుట్టగొడుగు పేరు రాయలేదు. పట్టీ చివర ‘ఇటువంటివి’ అని ఉంది. ఆ మాట కింద మనం అడగాలి.

కాగితం లేదని వెనక్కి రావొద్దు. ఆ చట్టం నియమాల్లో 13వది చదవండి. దరఖాస్తుదారులు కాని పెద్దమనుషుల మాటను రాసి పెట్టుకుంటే అది కూడా సాక్ష్యమే. ఈ వానాకాలం వాడవాడకూ నోటుబుక్కు పట్టుకొని పోండి. ఏ అవ్వ ఏ కంచెలో, ఏ వాగు పక్కన, ఎన్నేండ్ల నుంచి, ఎవరి వెంట పోయి ఏరుకుందో ఆమె మాటల్లోనే రాయండి. సర్వే నంబరు మీరు కనుక్కొని పక్కన వేయండి. పిల్లలను వెంట తీసుకుపోండి, ఏ రకం తీస్తుంది, ఏది వదిలేస్తుంది అన్నది వాళ్ళే బొమ్మ గీసుకుంటారు. రాసింది ఆమెకు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. ఒక కాపీ గ్రామసభ తీర్మానానికి, ఒక కాపీ బడికి, ఒకటి ఆ అవ్వ ఇంట్లో.